ట్రాక్ డేకి వెళ్తున్నారా? మీ బండీ, పక్కవాడి బండీ ఎలా చూసుకోవాలి

సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచి నాకు ఒకే రకం ఫోన్లు. "అన్నయ్యా, ఈసారి మీతో ట్రాక్‌కి నేనూ వస్తా, ఏం తెచ్చుకోవాలి?" అని భీమవరం నుంచి ఒకరు. "బావా, ఏదైనా అయితే ఎవరు చూసుకుంటారు? క్లబ్బా, ట్రాక్ వాళ్లా?" అని అమలాపురం నుంచి ఇంకొకరు. కాకినాడ కుర్రాడొకడు మొహమాటం లేకుండా అడిగేశాడు: "కాగితం మీద సంతకం పెట్టించుకుంటారంటగా. అంటే కాలో చెయ్యో విరిగితే మీకు సంబంధం లేదనేగా?"

ఒక్కొక్కరికీ విడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను. మన డెల్టాలో రేస్ ట్రాక్ లేదు కాబట్టి మా క్లబ్బు వాళ్లం ట్రాక్ డేకి, అంటే సొంత బండ్లు రేస్ ట్రాక్ మీద నడిపే రోజుకి, ఏడాదికోసారి చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై వెళ్తాం. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1990లో మొదలుపెట్టిన ట్రాక్ అది, చుట్టు కొలత దాదాపు 3.7 కిలోమీటర్లు. మిగతా రోజుల్లో ఇక్కడే ఒక మూతపడిన రైస్ మిల్లు కళ్లంలో కోన్లు పెట్టుకుని ప్రాక్టీసు చేస్తాం. ఈ రెండింటికీ పనికొచ్చేలా రాశాను. పోటీ లైసెన్సుల సంగతి ఇందులో లేదు. సొంత కారుతో సరదాగా వచ్చేవాళ్ల కోసమే ఇది.

ముందు ఆ సంతకం గొడవ తేల్చుకుందాం

ఆ కాగితం మీద సంతకం పెట్టడమంటే 'ఇందులో ప్రమాదం ఉందని నాకు తెలుసు' అని ఒప్పుకోవడం. అక్కడితో మీ పని అయిపోదు, నిర్వాహకుల పనీ అయిపోదు. 'భద్రత అందరి బాధ్యత' అని బ్యానర్ కట్టడం తేలికే. పదిమంది చేతిలో పాము చావదని మన పెద్దలు ఊరికే అనలేదు. అందరిదీ అన్న పని ఎవరూ చెయ్యరు. అందుకే మా దగ్గర ప్రతి పని పక్కనా ఒక పేరు ఉంటుంది. ఫైర్ సిలిండర్ ఎవరిది, ఫలానా మలుపు దగ్గర జెండా ఎవరిది, మీ చక్రాల నట్లు చూసింది ఎవరు, అన్నీ పేర్లతో సహా తెల్ల బోర్డు మీద రాసి పెడతాం. మీరు చేరిన క్లబ్బులో ఆ బోర్డు లేకపోతే రాయమని అడగండి. కొత్తవాళ్లైనా సరే, మొహమాటపడొద్దు.

రెండు కాగితం ముక్కలు చదువుకుని రండి. మొదటిది మీ ఇన్సూరెన్స్ పాలసీ. అందులో వాడకానికి పరిమితులు రాసిన చోట రేసింగ్, పేస్ మేకింగ్, స్పీడ్ టెస్టింగ్, రిలయబిలిటీ ట్రయల్ లాంటివి కవర్ కావని ఉంటుంది. అంటే ట్రాక్ మీద బండి గోడకి తగిలితే ఖర్చు మీదే. ఆ ఖర్చు భరించలేని బండి తేవద్దు, అప్పు మీద నడుస్తున్న బండి అసలే వద్దు. రెండోది మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్. ప్రభుత్వ అనుమతి లేకుండా పబ్లిక్ రోడ్డు మీద పందెం పెట్టుకుంటే 2019 సవరణ తర్వాత మొదటిసారి 3 నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పాల్గొన్నవాడికే కాదు, పందేన్ని అనుమతించినవాడికీ ఇదే వర్తిస్తుంది. ఏటిగట్టు మీద రాత్రిపూట 'ఒక్క రౌండు' అని టైమింగ్ వేసేవాళ్లు ట్రాక్‌కి వస్తామంటే సంతోషమే, కానీ ఆ గట్టు అలవాటు అక్కడే వదిలేసి రావాలి.

కావాల్సినవి

- ఫుల్‌ఫేస్ హెల్మెట్. బైకు హెల్మెట్ అయితే ఐఎస్ఐ గుర్తు ఉండాలి. కార్ల రేసింగ్ కోసం చేసే స్నెల్ 'ఎస్ఏ' రకంలో లోపలి గుడ్డ మంటకి తట్టుకుంటుంది, బైకు రకానికి ఆ పరీక్ష ఉండదు. ఏది ఒప్పుకుంటారో నిర్వాహకుల్ని అడిగాకే కొనండి. కింద పడిన హెల్మెట్ వద్దు, పైకి గీత కనిపించకపోయినా వద్దు.
- నూలు ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, నూలు ప్యాంటు. నైలాన్, పాలిస్టర్ మంటకి కరిగి ఒంటికి అంటుకుంటాయి.
- పల్చటి అడుగున్న బూట్లు. చెప్పులు, శాండిల్స్ కుదరవు. లుంగీతో దిగినవాళ్లూ ఉన్నారు, అందుకే చెప్పాల్సి వస్తోంది.
- టార్క్ రెంచ్ (నట్టు కావాల్సినంత బిగిశాక క్లిక్కుమనే స్పానర్), టైరు గాలి చూసే గేజ్. క్లబ్బుకి ఒకటి ఉన్నా సరిపోతుంది.
- బండితో వచ్చిన టోయింగ్ హుక్, అంటే బండి ఆగిపోతే తాడు కట్టి లాగే కొక్కెం. స్టెప్నీ దగ్గరే ఎక్కడో ఉంటుంది, ఇంటి దగ్గరే ఒకసారి బిగించి చూడండి. కొన్ని కార్లలో దాని మర ఎడమవైపు తిరుగుతుంది. అది తెలియక మర అరగదీసినవాళ్లు ఉన్నారు.
- ఏబీసీ పౌడర్ ఫైర్ సిలిండర్, ముల్లు పచ్చరంగులో ఉన్నది.
- చక్రాల కింద పెట్టే అడ్డు ముక్కలు. మేం తాటి దుంగ ముక్కలు కోయించుకున్నాం, దిట్టంగా ఉంటాయి.
- నీళ్లు, ఓఆర్ఎస్ పొట్లాలు, మజ్జిగ.
- ఒక కార్డు మీద మీ బ్లడ్ గ్రూపు, వాడే మందులు, ఇంట్లోవాళ్ల నంబరు. ఇంట్లోవాళ్లకి మీరు ఎక్కడికి వెళ్తున్నారో తెలిసి ఉండాలి. 'చెన్నైలో పెళ్లి' అని చెప్పి వచ్చినవాళ్లని మేం వెనక్కి పంపేశాం.

బండి ఏదైనా పర్వాలేదా అని అడుగుతారు. పర్వాలేదు, కానీ ఎత్తు బండి వద్దు. థార్, స్కార్పియో, ఫార్చ్యూనర్ లాంటివి మలుపులో తిరగబడే అవకాశం ఎక్కువ. ఇంట్లో ఉన్న పాత స్విఫ్టో ఐ20నో చాలు. సీఎన్‌జీ కిట్ ఉన్న బండిని మా క్లబ్బులో దించనివ్వం.

1. వారం ముందు బ్రేకులు చూడండి

ఇంజిన్ సంగతి తర్వాత. మొదటిసారి వచ్చేవాళ్ల బండి ఆగిపోయేది చాలావరకు బ్రేకుల దగ్గరే.

బ్రేక్ ఆయిల్‌కి గాలిలో తేమ పీల్చుకునే గుణం ఉంది. మన డెల్టా గాలి సంగతి మీకు చెప్పాలా, ఉప్పు డబ్బా మూత తీసి పెడితే సాయంత్రానికి గడ్డ కడుతుంది. కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ మరిగే వేడి కనీసం 230 డిగ్రీలు ఉండాలని ప్రమాణం. అందులో 3.7 శాతం నీళ్లు కలిస్తే ఆ కనీస పరిమితి 155కి పడిపోతుంది. ఊళ్లో తిరిగినన్నాళ్లూ ఈ తేడా తెలియదు. ట్రాక్ మీద మలుపు మలుపుకీ గట్టిగా తొక్కితే ఆయిల్ మరిగి బుడగలు కడుతుంది, పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది. ఆయిల్ మార్చి ఏడాది దాటితే కొత్తది పోయించండి. డాట్ 4 గానీ 5.1 గానీ పోయించవచ్చు. డాట్ 5 అనేది సిలికాన్ రకం, పూర్తిగా వేరు. దాన్ని వీటితో కలపకూడదు. మెకానిక్ 'అన్నీ ఒకటేనండి' అంటే డబ్బా మీద రాసింది మీరే చదవండి.

సరిచూసుకోవడం ఇలా: ఇంజిన్ ఆన్‌లో ఉంచి పెడల్ గట్టిగా తొక్కి 30 అంకెలు లెక్కపెట్టండి. పెడల్ కొంచెం కొంచెంగా దిగుతుంటే ఆ బండి ట్రాక్‌కి రాకూడదు, అసలు రోడ్డు మీదకే రాకూడదు. బ్రేక్ ప్యాడ్లు సగానికంటే తక్కువుంటే మార్చేయండి. రోడ్డుకి ఇంకో 10 వేల కిలోమీటర్లు వస్తాయన్న ప్యాడ్ ట్రాక్ మీద ఒక్క పూటలో అయిపోవచ్చు.

టైరు పక్కగోడ మీద ఉండే నంబరులో చివరి నాలుగంకెలు చూడండి. 3521 అంటే 2021లో 35వ వారం తయారైంది. గాడిలో చిన్న మిట్టలుంటాయి, వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. రబ్బరు అరిగి ఆ మిట్టలతో సమానమైతే టైరు పని అయిపోయినట్టే. పక్కగోడ మీద పగుళ్లు, ఉబ్బు ఉంటే అరుగుదలతో పని లేదు, తీసేయడమే.

రాత్రి ఇంజిన్ కింద పాత న్యూస్‌పేపర్లు పరిచి పొద్దున చూడండి. ఒక్క చుక్క కనబడినా ఎక్కడి నుంచి పడిందో తేలాలి. ట్రాక్ మీద ఆ చుక్క మీ సమస్యగా ఉండదు, వెనక వచ్చేవాడి టైరు కింద సమస్య అవుతుంది. బానెట్ ఎత్తి బ్యాటరీని రెండు చేతులా పట్టి ఊపండి. కదిలితే క్లాంపు బిగించండి.

2. ముందురోజు బండి ఖాళీ చేయండి

ఖాళీ అంటే మొత్తం ఖాళీ. డిక్కీలో కొబ్బరికాయలు, రొయ్యల మేత బస్తా, గొడుగు, అత్తగారింటి నుంచి తెచ్చిన ఆవకాయ జాడీ, అన్నీ తీసేయాలి. నేలమీద మ్యాట్లు తీసేయాలి, ముఖ్యంగా డ్రైవరు వైపుది. సీట్ల కింద చెయ్యి పెట్టి తడమండి. కళ్లతో చూస్తే చాలదు.

ఒకసారి మా కళ్లంలో ఒకాయన బండి మూడో కోను దగ్గర ఆగకుండా తిన్నగా జనానికి అడ్డం కట్టిన తాడు దాకా వచ్చేసింది. దిగి చూస్తే బ్రేకు పెడల్ వెనక నిమ్మకాయ. పొద్దున ఇంటి దగ్గర చక్రాల కింద తొక్కించడానికి నాలుగు పెట్టుకుని, మిగిలిన ఒకటి డాష్‌బోర్డు మీద పెట్టారు. అది దొర్లింది. పూజ చేసుకోండి, కాదనను. మిగిలిన కాయ మాత్రం లెక్కచూసి బయట పెట్టండి. డాష్‌బోర్డు మీద డబుల్ టేపుతో అతికించిన వినాయకుడిని కూడా ఆ ఒక్కరోజు ఇంట్లో ఉంచండి. గట్టిగా బ్రేకు పడితే ఆ టేపు ఆగదు.

రాత్రి మందు సంగతి. చెన్నై లాడ్జిలో దిగగానే అందరికీ పండగ వాతావరణం వచ్చేస్తుంది. మా దగ్గర నియమం ఒకటే: ముందురోజు సాయంత్రం నుంచి ఎవరూ తాగకూడదు. పొద్దున ఊది చూపించాలి. 'ఒక్క బీరే కదా' అన్న మాటకి మినహాయింపు ఇవ్వం. నిద్ర చాలనివాళ్లు, జలుబు మందు వేసుకున్నవాళ్లు కూడా నిజం చెప్పి మొదటి సెషన్ (ట్రాక్ మీద తిరిగే ఒక విడత) మానేయండి.

3. మీ బండి ఇంకొకరి చేత చూపించండి

ఇది నేను సిగ్గుపడి నేర్చుకున్నది. రెండో ఏడాది ట్రాక్‌కి చేరాక పొద్దున్నే ముందు టైర్లు వెనక్కి మార్చాను. నట్లు చేత్తో పెట్టి స్పానర్ అందుకునేలోపు మీటింగ్‌కి పిలిచారు, వెళ్లిపోయాను. తిరిగొచ్చి, అంతా చూసుకున్నట్టు కాగితం మీద టిక్కులు పెట్టేశాను. అప్పట్లో ఎవరి బండి వాళ్లే చూసుకుని సంతకం పెట్టేవాళ్లం. ఆ ఏడాదే చేరిన అమలాపురం తమ్ముడొకడు కొత్త టార్క్ రెంచ్ కొన్న ఉత్సాహంలో అందరి బండ్లూ వరసగా చూసుకుంటూ వచ్చాడు. నా ఎడమ వెనక చక్రం దగ్గర ఆగాడు. నాలుగింటిలో మూడు నట్లు రెంచ్ క్లిక్కుమనకుండానే అర చుట్టు తిరిగాయి. "అన్నయ్యా, ఇవి చేత్తో పెట్టినవేనా?" అన్నాడు. అందరూ విన్నారు. పది నిమిషాల్లో నేను ట్రాక్ మీద ఉండాల్సినవాడిని.

అప్పటి నుంచి మా కాగితంలో రెండు గళ్లు. ఒకటి మీది, రెండోది మీ బండి చూసినవాళ్లది. రెండోది ఖాళీగా ఉంటే గేటు తీయరు.

చేసే పద్ధతి:

- జంటలు ముందురోజే రాసుకోండి. స్నేహితులిద్దరినీ ఒక జంటగా వేయకండి. మొహమాటానికి పోయి 'బాగుందిలే బావా' అనేస్తారు.
- నట్లు రెంచ్‌తోనే చూడాలి. ఎంత బిగింపో బండి మాన్యువల్‌లో ఉంటుంది, చిన్న కార్లకి సాధారణంగా 100 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల. స్పానర్ మీద ఎక్కి తొక్కడం మన షెడ్లలో అలవాటు. దానివల్ల మర దెబ్బతింటుంది, స్టడ్ తెగుతుంది.
- నోటితో చెప్పింది లెక్కలోకి రాదు. చెయ్యి పెట్టి చూడాలి. బ్యాటరీ ఊపాలి, సీటు కుదపాలి, బెల్టు చటుక్కున లాగి పట్టుకుంటోందో లేదో చూడాలి.
- తప్పు కనబడితే బండి యజమానికి మెల్లిగా చెప్పండి, కానీ కాగితం మీద రాయండి.

4. పొద్దున్న మీటింగ్‌లో

ఆలస్యంగా వచ్చినవాళ్లు మొదటి సెషన్‌లో దిగకూడదు. ఇందులో మినహాయింపు ఇస్తే మీటింగ్‌కే విలువ పోతుంది.

జెండాలు నోటికి రావాలి. పచ్చ ఊపితే దారి ఖాళీ. ఒక పసుపు అంటే పక్కన ప్రమాదం ఉంది, వేగం తగ్గించాలి, ఎవరినీ దాటకూడదు. రెండు పసుపు జెండాలు కలిపి ఊపితే దారి మూసుకుపోయి ఉండొచ్చు, మనుషులు ట్రాక్ మీద ఉండొచ్చు, ఆగడానికి సిద్ధంగా రావాలి. ఎరుపు అంటే సెషన్ ఆగిపోయింది, మెల్లిగా పిట్‌కి, అంటే ట్రాక్ పక్కన బండ్లు ఆపుకునే చోటికి రావాలి. పసుపు మీద ఎర్ర చారలుంటే ముందు జారుతుంది, నూనో నీళ్లో ఉన్నాయి. నీలం అంటే మీకంటే వేగంగా ఒకరు వెనకున్నారు. నల్లజెండా మీద నారింజ రంగు చుక్క ఉంటే మీ బండిలో ఏదో తేడా ఉంది, పిట్‌కి రావాలి. నలుపు తెలుపు గళ్ల జెండా అంటే సెషన్ అయిపోయింది.

మొదటిసారి వచ్చినవాళ్లకి జెండా చూపించి అడిగితే అందరూ చెప్పేస్తారు. ట్రాక్ మీద మాత్రం కళ్లు ముందున్న కారు బంపరు మీదే ఉండిపోయి జెండా కనిపించదు. అందుకే మొదటి ల్యాపు (ట్రాక్ చుట్టూ ఒక రౌండు) మెల్లిగా తిరుగుతూ జెండా పోస్టులు ఎక్కడున్నాయో లెక్కపెట్టించుతాం. దిగాక ఎన్ని ఉన్నాయో చెప్పాలి. తప్పు చెప్తే ఇంకో మెల్లి ల్యాపు.

ఈ మీటింగ్‌లోనే అడగాల్సిన ప్రశ్న: అంబులెన్స్ ఎక్కడుంది, అది ఒకరిని తీసుకుని ఆసుపత్రికి వెళ్తే సెషన్ ఆపుతారా? ఆపుతామనే జవాబు రావాలి. 'చిన్న దెబ్బే కదా, అది వచ్చేలోపు ఇంకో రౌండు' అంటే మీ హెల్మెట్ తీసి సంచిలో పెట్టుకోండి.

5. ట్రాక్ మీద

మొదటి మూడు ల్యాపులు టైర్లు, బ్రేకులు వేడెక్కడానికి, మీ కళ్లకి అలవాటు కావడానికి. లోపల ఫోన్ వీడియో వద్దు. టైమింగ్ చూసుకునే యాప్ కూడా వద్దు. ల్యాప్ టైము తెలిసిన మరుక్షణం మనిషి మారిపోతాడు, నేనూ మారాను.

దాటడం గురించి గొడవలు ఎక్కువ కాబట్టి వివరంగా చెప్తాను. మా దగ్గర తిన్నటి దారిలోనే దాటాలి, మలుపులో వద్దు. ముందున్న డ్రైవరు చెయ్యి చూపిస్తేనే దాటాలి. చెయ్యి కిటికీ బయటకు చాచి కుడివైపు చూపిస్తే కుడి నుంచి రమ్మని, పైకప్పు మీదుగా ఎడమకి చూపిస్తే ఎడమ నుంచి. ఒక్క సైగకి ఒక్క కారే దాటుతుంది. రెండోవాడికి మళ్లీ చెయ్యి చూపించాలి. క్షేమంగా దాటడం దాటేవాడి బాధ్యత. దారి ఇచ్చేవాడి బాధ్యత అంతకి తక్కువేం కాదు. తను పోతున్న గీత మార్చకూడదు, యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం తీయాలి. చెయ్యి చూపించి మళ్లీ తొక్కేవాళ్లుంటారు, అది పౌరుషం. హైవే మీద ఆర్టీసీ బస్సుతో పందెం పెట్టుకునే అలవాటు వల్ల వస్తుంది.

రెండు చక్రాలు ట్రాక్ దాటి మట్టిలోకి దిగితే స్టీరింగ్ చటుక్కున లోపలికి తిప్పకండి. అలా చేసినప్పుడే కారు ఎదురు వైపుకి విసిరినట్టు పోతుంది. తిన్నగా పోనిచ్చి, వేగం తగ్గాక మెల్లిగా ఎక్కించండి. కారు గిర్రున తిరగడం మొదలైతే క్లచ్, బ్రేకు రెండూ కిందికంటా తొక్కి పట్టండి. ఆగాక బెల్టు విప్పకండి, దిగకండి. మంట వస్తేనే దిగాలి. మిగతా అప్పుడు కారే మీకు కవచం. జెండా మనిషి చూసి చెప్పేదాకా కదలొద్దు. ఎందుకు జారిందో పిట్‌కి వచ్చి చెప్పండి, ఆ మలుపులో నూనె ఉందేమో వెనకవాళ్లకి తెలియాలి.

6. 'ఆపండి' అనే మాట

ఇది మీకున్న పెద్ద అధికారం. మా రోజున ఎవరైనా ఆపమనవచ్చు. డ్రైవరు, పక్కన కూర్చున్నవాళ్లు, టీ అందించే కుర్రాడు, ఎవరైనా సరే. పిట్ గోడ దగ్గర ఎర్ర జెండా ఒకటి అందరికీ అందేలా వేలాడుతుంది. ట్రాక్ మీదకి కుక్క వచ్చిందనిపించినా, ఒక బండి కింద పొగ కనిపించినా, జెండా తీసి ఊపేయడమే. తర్వాత చూస్తే ఏమీ లేకపోయినా ఎవరూ ఒక్క మాట అనకూడదు. కోనసీమలో జగ్గన్నతోట తీర్థానికి జనం భుజాల మీద మోస్తూ కౌశిక నీళ్లు దాటించే ప్రభని చూసే ఉంటారు. నీళ్లలో ఒకడి కాలు జారి 'ఆగండ్రా' అని కేకేస్తే ఎందుకని అడిగేంత తీరిక ఎవరికీ ఉండదు. ముందు ఆగాలి. అదే పద్ధతి.

ఒకసారి ఓ పెద్దాయన ఎర్రజెండా ఊపారు. కారణం, తన మనవడు కనిపించలేదు. పిల్లాడు క్యాంటీన్‌లో ఉన్నాడు. ఆరు కార్లు పిట్‌కి వచ్చేశాయి, పది నిమిషాలు పోయాయి. "బాబాయ్, మంచి పని చేశారు" అని అందరం అన్నాం, లోపల కొందరికి మండినా సరే. ఆయన్ని ఆరోజు చిన్నబుచ్చి ఉంటే ఇంకోసారి నిజంగా అవసరమైనప్పుడు ఎవరి చెయ్యీ లేవదు.

7. పిట్‌కి వచ్చాక

చివరి ల్యాపు బ్రేకు తక్కువ వాడుతూ మెల్లిగా తిప్పి బండిని చల్లార్చాలి. పిట్‌లో ఆపాక హ్యాండ్‌బ్రేక్ వేయొద్దు, వేడి ప్యాడ్లు పట్టేసుకుంటాయి. గేరులో పెట్టి తాటి ముక్క అడ్డం వేయండి. టైరు గాలి వెంటనే చూడండి. వేడికి 4 నుంచి 6 పీఎస్ఐ దాకా పెరిగి ఉంటుంది. కొంచెం తీసినా పర్వాలేదు, ఎంత తీశారో రాసుకోండి. నట్లు మాత్రం చక్రం చల్లారాకే రెంచ్‌తో చూడండి.

మీరు కూడా చల్లారాలి. ఏసీ ఆపేసి, హెల్మెట్ పెట్టుకుని చెన్నై ఎండలో 20 నిమిషాలు నడిపితే చొక్కా పిండుకోవచ్చు. నీళ్లు, మజ్జిగ తాగండి. మధ్యాహ్నం బిర్యానీ లాగించి రెండున్నరకి సెషన్‌లో దిగకండి. జారడాలు, తప్పులు మా దగ్గర ఎక్కువగా భోజనాల తర్వాత సెషన్‌లోనూ, 'ఇదే చివరిది' అన్న సెషన్‌లోనూ చూశాను. ఒళ్లు అలిసిందనిపిస్తే చివరిది వదిలేయండి. డబ్బు కట్టాం కదా అని తిరగాల్సిన పనిలేదు.

చెన్నై వెళ్లడం కుదరనివాళ్లకి: కళ్లంలో కోన్లు

స్థలం యజమాని దగ్గర కాగితం మీద అనుమతి తీసుకోండి, పోలీస్ స్టేషన్‌లో ముందే చెప్పండి. అంబులెన్స్ మాట్లాడుకోండి. 108 ఉందిగా అనుకోవద్దు, అది ఆ సమయానికి ఇంకెక్కడో కాన్పు కేసులో ఉండొచ్చు.

కళ్లాన్ని ముందురోజు సాయంత్రం ఒకసారి, పొద్దున ఒకసారి ఊడవాలి. సిమెంటు మీద ధాన్యం గింజల మీద టైరు పడితే గోళీల మీద కాలు పడ్డట్టే. ఊక అంతకంటే మోసం, మూలల్లోంచి గాలికి మళ్లీ వచ్చి చేరుతుంది. చీపురు పట్టిన మనిషి ఆరోజంతా ఉండాలి. ఒక్క కారే తిరగాలి, రెండు కార్లు ఒకేసారి వద్దు. గోడకీ స్తంభాలకీ మేం కనీసం 15 మీటర్ల ఖాళీ వదులుతాం. రెండో గేరు దాటే అవసరం రాకుండా కోన్లు దగ్గరగా పెట్టండి.

అసలు తలనొప్పి జనం. చప్పుడు వినగానే ఊరంతా వస్తుంది, కోడిపందెం బరి చుట్టూ మూగినట్టు మలుపు బయటి అంచున నిలబడుతుంది. కారు అదుపు తప్పితే పోయేది సరిగ్గా అటే. జనాన్ని స్టార్టింగ్ లైను వెనక, తాడు కట్టి, ఒకే చోట నిలబెట్టండి. జనాన్ని మాత్రమే చూసే మనిషి ఒకరుండాలి, ఆయనకి కార్ల వైపు చూసే పని పెట్టకండి. తాడు దాటి ఒక్కరొచ్చినా బండి ఆగాలి. ఊరి పెద్దలు వచ్చి 'మేం ఇక్కడ నిలబడతాం లేవయ్యా' అంటే కుర్చీలు తాడు వెనకే వేసి, కూల్‌డ్రింక్ ఇచ్చి కూర్చోబెట్టండి. వాదించడం కంటే అది నయం.

పక్క సీట్లో ఎక్కించుకునేవాళ్లకీ హెల్మెట్, బెల్టు, అదే మీటింగ్. చిన్నపిల్లల్ని ఎక్కించకండి. ఎంత ఏడ్చినా సరే.

ఇంటికి బయల్దేరే ముందు

ఎక్కువమంది మర్చిపోయేది ఇక్కడే. ట్రాక్ దగ్గర నుంచి రాజమండ్రి దాదాపు 600 కిలోమీటర్లు. వచ్చిన టైర్లు, ప్యాడ్ల మీదే తిరిగి వెళ్లాలి. తీసిన గాలి మళ్లీ కొట్టించండి. ప్యాడ్లు ఎంత మిగిలాయో చూడండి. బ్రేకు పెడల్ 30 అంకెల పరీక్ష మళ్లీ చేయండి. మెత్తగా అనిపిస్తే చెన్నైలోనే ఆయిల్ మార్పించుకోండి, ఒక పూట ఆలస్యమైనా సరే. ట్రాక్ మీద తిరిగిన కాలు హైవే మీద కూడా బరువుగానే ఉంటుంది, అందుకే మొదటి వంద కిలోమీటర్లు స్టీరింగ్ ఇంకొకరికి ఇవ్వండి. నెల్లూరులో టీకి ఆగినప్పుడు రెంచ్ తీసి నాలుగు చక్రాలూ ఇంకోసారి చూడండి. మీ చక్రాలు మీ జంట, వాళ్ల చక్రాలు మీరు.